సాయంత్రం ఆరింటి గడి

ప్రిన్సిపాల్ మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు, పదకొండు దాకా బయటికి రారు, అక్కడ కూర్చో అని గుమస్తా గోడ పక్కన బల్ల చూపించాడు. టైమ్ పది దాటి ఐదు నిమిషాలు. కూర్చున్నాను. కూర్చోగానే నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన, హమ్మయ్య, యాభై అయిదు నిమిషాలు దొరికాయి, సెమినార్ పేపరు సగమైనా అయిపోతుంది అని. చెయ్యి సంచిలోకి వెళ్లి పెన్ను కూడా తీసింది. అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేస్తున్నానో. పై అంతస్తులో ఐసీయూలో మా వార్డు పదకొండో బెడ్ అమ్మమ్మ కళ్లు తెరవకుండా పడి ఉంది, నేను అదే మేడలో కింద ప్రిన్సిపాల్ గది ముందు తప్పు చేసి దొరికిపోయి కూర్చున్నాను, నా చెయ్యి మాత్రం దానిపాటికది పెన్ను మూత తీసేసింది. ఛీ, ఏం మనిషివే నువ్వు. మూత తిరిగి పెడదామంటే పట్టడం లేదు, రెండుసార్లు ప్రయత్నించి అలాగే సంచిలో పడేశాను, సిరా కారితే కారనీ.

ఇంకా నమ్మలేకపోతున్నాను. మూడు గంటల క్రితం దాకా నేను మామూలు మనిషిని. నర్సింగ్ రెండో సంవత్సరం, మూడు వారాలుగా ఆడవాళ్ల ఎముకల వార్డులో డ్యూటీ, పన్నెండు మంచాలు నావి. రోజుకు మూడుసార్లు, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, ఒక్కొక్కరి జ్వరం, నాడి, ఊపిరి చూసి, మంచం కాళ్ల వైపు అట్టకి తగిలించిన షీటులో ఆ టైమ్ గడిలో రాయాలి. ఇవాళ ఏడింటికి వచ్చాను, మిగతా పదకొండు మందినీ చూశాను, పదకొండో బెడ్ చుట్టూ తెర లాగి ఉంది, లోపల ఒళ్లు తుడుస్తున్నారేమో అనుకున్నాను. తెర బయటికి కనిపిస్తున్న అట్ట అందుకుని, జ్వరం తొంభై ఎనిమిది పాయింట్ ఆరు, నాడి డెబ్బై ఎనిమిది, ఊపిరి పద్దెనిమిది అని రాసి సంతకం పెట్టేశాను. పెన్ను ఇంకా జేబులో పెట్టుకోలేదు, ఇన్‌ఛార్జి సిస్టర్ పరుగులాంటి నడకతో వచ్చి ఆ అట్ట కోసమే చెయ్యి చాపింది. చదివింది. మళ్లీ చదివింది. ఇప్పుడే చూశావా అంది. చూశాను సిస్టర్ అన్నాను, నోరు దానంతటదే అనేసింది. సిస్టర్ ఇంకేమీ అడగకుండా తెర బర్రున లాగింది. మంచం ఖాళీ. దుప్పటి లేదు, దిండు లేదు, నీలం రంగు పరుపు ఒక్కటే ఉంది. అప్పటికి గంట అయిందట ఆవిడని పైకి తీసుకెళ్లి, హడావిడిలో ఫైలు వెళ్లింది గానీ షీటు మంచానికే ఉండిపోయింది. "ఎవరి నాడి పట్టుకున్నావమ్మా, మంచానిదా?" అంది సిస్టర్. తొమ్మిదో బెడ్ ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది, ఆ తర్వాత సిస్టర్ నన్నేం తిట్టిందో ఒక్క ముక్క గుర్తులేదు.

అయినా నేను కావాలని చేశానా. ఎవరినైనా అడగండి, ఈ కాలేజీలో రెండో సంవత్సరం ఎలా ఉంటుందో. ఎనిమిది సబ్జెక్టులు. వారానికి రెండు పరీక్షలు, అవి పొద్దున ఎనిమిదింటికే, అంటే వార్డులో ఏడింటికి మొదలుపెట్టి పన్నెండు మంచాలూ ముగించి, చేతులు కడుక్కుని, రెండు అంతస్తులు దిగి, ఆవరణ దాటి, ఇంకో మేడ ఎక్కి సీట్లో పడాలి. పది నుంచి రెండు క్లాసులు, రెండింటికి మళ్లీ వార్డు, మూడింటికి ల్యాబ్, అయిదింటికి మళ్లీ వార్డు. నెలకి మూడు కేస్ స్టడీలు, ఒక్కొక్కటి ఇరవై పేజీలు, చేత్తోనే రాయాలి, టైపు చేస్తే తీసుకోరు, చేత్తో రాస్తే బుర్రకెక్కుతుందని మేడమ్ నమ్మకం. నా బుర్రకి ఎక్కిందేమీ లేదు గానీ మెడ పట్టేసింది. ఇవి కాక చేసిన పనులన్నీ చిట్టాలా రాసుకునే లాగ్ బుక్కు ఒకటి, అందులో ఇంకా పద్దెనిమిది సంతకాలు రావాలి, ఈ సోమవారానికి. సెమినార్ శనివారం. నా సెమినార్ అంశం వింటే నవ్విపోతారు, రోగి కోలుకోవడంలో నిద్ర పాత్ర. నిద్ర గురించి నేను మాట్లాడాలట, ముందు వరసలో కూర్చునే మేడమ్‌లందరూ వినాలట, నేను నిలబడి కునికిపాట్లు పడకుండా ఉంటే అదే పదివేలు.

మొదటి ఏడాది ఎలా గట్టెక్కానో నాకే తెలీదు. కాదు, తెలుసు, గడియారం గట్టెక్కించింది. గడియారం అంటే నా గదిలో ఉండే పిల్ల, అన్నీ టైముకి చేస్తుందని అందరం ఆ పేరు పెట్టేశాం, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే పలకదు కూడా. ముందురాత నాకు నేర్పింది అదే. ముందురాత అంటే మా హాస్టల్లో పైవాళ్ల నుంచి కిందివాళ్లకి వస్తున్న పద్ధతి. కేస్ స్టడీలో రోగి జ్వరం, నాడి, ఊపిరి ఏడు రోజుల పట్టిక ఒకటి ఉంటుంది, అది చివర్లో రాద్దామని కూర్చుంటే ఎప్పటికీ అవ్వదు, కాబట్టి ముందే ఉజ్జాయింపుగా అంకెలు వేసేసుకుంటారు. ఇది మోసం కాదే, తయారీ, అంది గడియారం, పెన్సిల్‌తో రాసుకో, రోజూ నిజంగా చూసిన అంకె వచ్చాక పెన్సిల్ చెరిపి పెన్నుతో రాసెయ్, పేజీ అందం చెడదు, పని ఆగదు. అంకెలన్నీ ఒకేలా ఉంటే మేడమ్ పట్టేస్తారు, కాస్త ఊగాలి, డెబ్బై ఎనిమిది, డెబ్బై ఆరు, ఎనభై, మళ్లీ డెబ్బై ఎనిమిది, అని కూడా చెప్పింది. దాని పెన్సిలు చెవి వెనకాలే ఉంటుంది ఎప్పుడూ, వడ్రంగిలా. నేను ఈసారి పెన్సిల్‌తో రాయలేదు. రెండుసార్లు రాసే ఓపిక ఎవరికుంది. ఆదివారం కూర్చుని, సోమవారం నుంచి ఈ పొద్దుటి గడి దాకా, అన్నీ ఒకేసారి పెన్నుతో నింపేశాను. ఈ పొద్దుటి అంకె అదే. నోటుపుస్తకంలో రెడీగా ఉంది, షీటులోకి దించేశాను. షీటు చూసి కేస్ స్టడీ రాయాలి, నేను కేస్ స్టడీ చూసి షీటు రాశాను. సరే, ఈ ఒక్కసారే కదా. ఒక్క గడి. సిస్టర్ దాన్ని కొట్టేసి పక్కన సంతకం పెట్టి మరీ పైకి పంపింది. అయిపోయింది.

ఎదురుగా నోటీసు బోర్డు ఉంది, దాని మీద పరీక్షల పట్టిక, అద్దం వెనకాల. అద్దంలో నా తెల్ల యూనిఫాం, మీద నల్లటి అక్షరాలు. నా ముఖం ఉండాల్సిన చోట శుక్రవారం, సూక్ష్మజీవశాస్త్రం. అంటే రేపే. ఒక్క పాఠం తెరవలేదు. అమ్మో, రేపే. అదిగో చూడు మళ్లీ. అక్కడ ఆ మనిషి అలా ఉంటే నాకు రేపటి పరీక్ష గుండెలో కొట్టుకుంటోంది. నన్ను చూస్తే నాకే భయమేస్తోంది. ఇన్నాళ్లూ తలనిండా పని పెట్టి పెట్టి, లోపల మనిషి ఉండాల్సిన చోట కూడా పట్టికలే పేర్చేశారా ఏమిటి వీళ్లు. లేక నేనే పేర్చుకున్నానా.

పదకొండో బెడ్ ఆవిడ మాత్రం నన్ను పరీక్షల పిల్లా అనే పిలిచేది. పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు నిలబడి ఉత్తరాలు వేరుచేసిందట, అందుకే తుంటి ఎముక అరిగిపోయి ఉంటుంది, స్నానాల గదిలో ఒక్క జారుకి విరిగింది. ఆపరేషన్ అయి పది రోజులు. పేషెంట్లని అంకెల్లోనే చెప్పాలని మాకు నేర్పుతారు, కానీ ఈవిడని వార్డంతా అమ్మమ్మే అంటుంది. కేస్ స్టడీకి ఈవిడే కావాలని నేనే అడిగి తీసుకున్నాను, బాగా మాట్లాడుతుంది, పేజీలు నిండుతాయని. నిండాయి. కవరు మీద చేతిరాత చూసి లోపల ఏముందో చెప్పేదాన్నే అనేది, కోపంతో రాసినవాళ్లు ఇంటి నంబరు నొక్కి రాస్తారట, అప్పు అడిగేవాళ్లు గుండ్రంగా రాస్తారట. నా రాత చూసి, ఇది ఎవరో తరుముతుంటే రాసినట్టుందే పిల్లా, నీ వెనక కుక్కలున్నాయా, అంది. పడీపడీ నవ్వాను. నా జబ్బుకంటే నీ చదువే నిన్ను మంచానికి దించేలా ఉంది, లేచి ఇటు పడుకో, నేను నీ షీటు రాస్తాను అనేది. ఇవన్నీ తొమ్మిదో పేజీలో, మానసిక స్థితి అనే శీర్షిక కింద రాశాను, రోగి ఉల్లాసంగా ఉంది, సహకరిస్తోంది అని. ఆవిడకి ఏ వైపు తిరిగి పడుకోవడం ఇష్టమో, చెల్లెలితో ఎందుకు మాటలు పోయాయో, మళ్లీ ఎలా కలిశాయో, అన్నీ నాకు తెలుసు. ఈ ఆస్పత్రిలో ఆవిడ గురించి నా అంత తెలిసినవాళ్లు లేరు. అందుకే సిస్టర్ మొదటిరోజే, పదకొండు నీ కేసు కదా, నువ్వే చూసుకో, నేను మళ్లీ చూడక్కర్లేదుగా అంది, చూసుకుంటాను సిస్టర్ అన్నాను.

అడుగుల చప్పుడు విని లేచాను. ఇన్‌ఛార్జి సిస్టరే, చేతిలో నా మీద రాసిన కాగితం, మేడమ్‌కి ఇవ్వడానికి. నన్ను చూసి ఆగింది. పొద్దుటి కోపం లేదు, ముఖం పీక్కుపోయి ఉంది. "ఏడుస్తున్నావా?"

"లేదు సిస్టర్. ఆవిడకెలా ఉంది?"

"ఏం చెప్పను. తెల్లారేసరికి మాట ముద్దగా అయిపోయింది, మనిషిని పోల్చుకోలేదు. ఒంట్లో వేడి కూడా లేదు, చల్లగా చెమటలు, నాడి మాత్రం పరిగెడుతోంది. డాక్టరు షీటు చూశారు. నిన్న సాయంత్రం ఆరింటి దాకా శుభ్రంగా ఉన్న మనిషి ఒక్కసారిగా ఇలా అయిందంటే ఇది తలలోనే ఏదో అంటున్నారు. పదకొండింటికి స్కాన్." నా భుజం మీద తట్టింది. "నువ్వు మరీ అంత బెంగపడకు. మేడమ్ తిడతారు, హెచ్చరిక కాగితం ఇస్తారు, అంతే. పొద్దుటిది ఎలాగూ కొట్టేశాం. నిన్నటి దాకా నువ్వు సరిగ్గా చూసి రాశావు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాళ్లకి దారీ తెన్నూ తెలిసేది కాదు."

కాగితం గుమస్తాకి ఇచ్చి వెళ్లిపోయింది. నేను నిలబడే ఉన్నాను. నిన్నటి దాకా నువ్వు సరిగ్గా చూసి. నిన్న సాయంత్రం ఆరింటి దాకా. గుమస్తా తలెత్తి, ఏమ్మా, మంచినీళ్లు కావాలా అన్నాడు, అక్కర్లేదని తలూపాను, ఆ తలూపింది కూడా నేను కాదు, ఎవరో. ఆరింటి గడి. జ్వరం తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, నాడి డెబ్బై ఆరు, ఊపిరి పద్దెనిమిది. నా చేతిరాత. నా సంతకం. నేను చూడలేదు. నిన్న సాయంత్రం కూడా నేను చూడలేదు.

మరి ఇందాకటి నుంచి ఒక్క గడే అని ఎవరికి చెప్పుకుంటున్నాను. ఇంత సేపూ ఈ బల్ల మీద కూర్చుని ఎంత హాయిగా అబద్ధమాడుకున్నానో, నాకు నేనే, అడిగేవాళ్లు కూడా లేకుండా. అసలు నిన్న సాయంత్రం నేను ఆవిడ పక్కనే ఉన్నాను. అయిదింటి నుంచి ఆరింటి దాకా, స్టూలు వేసుకుని, ఇవాళ పదకొండింటికి కేస్ స్టడీ ఇచ్చేయాలి కాబట్టి చివరి రెండు పేజీలు ఆవిడ ముందే కూర్చుని ముగించాను. ఇంటికెళ్లాక జాగ్రత్తలు అనే పేజీ. ఆవిడ పెద్దగా మాట్లాడలేదు నిన్న. అదీ నాకు సంతోషమే అయింది, రాసుకోనిస్తోంది అని. ఒకసారి మాత్రం, పిల్లా, కాస్త చలిగా ఉందే, ఆ ఫ్యాను తగ్గించు, అంది. లేచి తగ్గించాను. దుప్పటి మెడ దాకా కప్పాను. కూర్చుని మళ్లీ రాశాను. ఏం రాశానో తెలుసా, చలి, వణుకు, ఒళ్లు వెచ్చబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తెలియజేయాలి అని రాశాను. అదే నిమిషంలో. అదే పెన్నుతో. ఎదురుగా మనిషి చలి అంటుంటే.

అయ్యో. అయ్యో అయ్యో. గట్టిగా అనేశానేమో, గుమస్తా మళ్లీ చూశాడు.

ఎంత దూరం పోయిందో ఇప్పుడు తెలుస్తోంది. మా వార్డులో ఒక నియమం ఉంది, సాయంత్రం ఆరింటికి అంతా మామూలుగా ఉన్నవాళ్లని నైట్ సిస్టర్ లేపకూడదు, నిద్ర చెడగొట్టకూడదు. ఆరింటి గడిలో తేడా ఉన్నవాళ్లనే పదింటికోసారి, రెండింటికోసారి చూస్తుంది. అంటే నైట్ సిస్టర్ అమ్మమ్మ మంచం ముందు ఆగి ఆ గడి చూసి ఉంటుంది, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, బాగానే ఉంది, పడుకోనీ అనుకుని పన్నెండో బెడ్‌కి వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పుడు పైన డాక్టర్లు అదే గడి చూసి తలలో వెతుకుతున్నారు. ఆపరేషన్ గాయం చీముపట్టి ఒళ్లంతా విషం పాకుతోందేమో, వాళ్లు తల ఫొటో కోసం మిషను ఖాళీ అయ్యేదాకా కూర్చున్నారు. నేను సోకు కోసం ఊపిన అంకె అది. డెబ్బై ఎనిమిది తర్వాత డెబ్బై ఆరు బాగుంటుందని వేశాను.

సంచిలో ఫోను కొట్టుకుంది. అమ్మ. పదిన్నరకి లాండ్రీలో టీ విరామం, ఇస్త్రీపెట్టె దించి రోజూ ఒక్క మాట పంపుతుంది, తిన్నావా. అంతే, ఇంకేమీ ఉండదు. తిన్నాను అని పంపాలి, పంపకపోతే పదకొండింటికి కాల్ చేస్తుంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ చెబుతుందట, మా అమ్మాయి మణికట్టు పట్టుకుంటే చాలు జ్వరం ఎంతో చెప్పేస్తుంది, మిషన్ అక్కర్లేదు అని. ఎవరు చెప్పారే నీకు అంటే, నాకు తెలుసులే అంటుంది. ఇప్పుడేం చెప్పను అమ్మకి. పోయినేడు ఒక సీనియర్, ఇవ్వని మందు ఇచ్చినట్టు రాసిందని తేలితే, ఆ పూటే పెట్టె సర్దించి పంపేశారు. మేమందరం మెట్ల మీద నిలబడి చూశాం. ఏడవను కూడా ఏడవలేదు ఆ అమ్మాయి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. పొద్దుటి గడికి హెచ్చరిక కాగితం. ఆరింటి గడికి పెట్టె సర్దుకోవడం. తేడా అంతే, మధ్యలో ఉన్నది నా నోరొక్కటే. ఎవరికీ తెలీదు. పదకొండో బెడ్ అమ్మమ్మకి తెలుసు, ఆవిడకి మాట లేదు. నోరు మూసుకుని కూర్చుంటే పదకొండింటికి మేడమ్ వస్తారు, తలొంచుకుని తిట్లు తింటాను, కేస్ స్టడీ గంట ఆలస్యంగా ఇస్తాను, రేపు సూక్ష్మజీవశాస్త్రం. వాళ్లు పెద్ద డాక్టర్లు, స్కాన్‌లో ఏమీ కనపడకపోతే వాళ్లే వేరేది వెతుక్కుంటారు. వెతుక్కుంటారుగా. ఎంత సేపు పడుతుంది, గంటో, రెండు గంటలో. రెండు గంటల్లో ఏమవుతుందో రెండో సంవత్సరం పుస్తకంలోనే ఉంది, మూడో అధ్యాయం, నాకు కంఠతా వచ్చు, దాని మీద పదికి తొమ్మిది మార్కులొచ్చాయి.

టైమ్ లేక చూడలేదని చెప్పుకుంటున్నాను చూడు, అదీ అబద్ధమే. మిగతా పదకొండు మందికీ టైమ్ ఉంది. ఎవరెవరో కూడా సరిగ్గా తెలీని వాళ్ల చేతులు పట్టుకుని గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టాను, ఎందుకంటే వాళ్ల అంకెలు నా దగ్గర ముందే లేవు. ఈవిడవి ఉన్నాయి. పెన్నుతో రాసి ఉన్నాయి. నిజంగా చూస్తే, అది తేడాగా వస్తే, ఆ పేజీ చింపేసి మళ్లీ రాయాలి, దాని వెనక పేజీ కూడా, అంటే రెండు పేజీలు, గంటన్నర. ఆ గంటన్నర నా దగ్గర లేదు. అందుకని చూడలేదు. జ్వరం ఉంటుందేమోనన్న అనుమానం నిన్న ఆ చలి మాట విన్నప్పుడు ఒక్క క్షణం వచ్చింది నాకు, వచ్చింది, ఎందుకు అబద్ధం, వస్తే దాన్ని వెనక్కి తోసేశాను. దుప్పటి కప్పాను. మణికట్టు మీద చెయ్యి వెయ్యకుండా, దుప్పటి అంచు పట్టుకుని, జాగ్రత్తగా కప్పాను. చెయ్యి తగిలితే తెలిసిపోతుందని. ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది. నేను ఇలాంటిదాన్నని నాకు తెలీదు, ఒట్టు, ఈ క్షణం దాకా తెలీదు.

పదకొండుకి ఇరవై నిమిషాలు. గుమస్తా, ఎక్కడికమ్మా, మేడమ్ వచ్చేస్తారు అంటున్నాడు, నేను అప్పటికే నడవ చివర ఉన్నాను. సంచి బల్ల మీదే వదిలేశాను. మెట్లు ఎక్కుతుంటే లెక్క వస్తోంది, ఒకటి, రెండు, మూడు, ఎందుకో ఆపలేకపోతున్నాను, మొదటి అంతస్తుకి ఇరవై రెండు. కిందికి దిగుతున్న మా క్లాసు పిల్లలు ఇద్దరు, ఏయ్, పదకొండింటికి క్లాసు, కేస్ స్టడీ తెచ్చావా అని అరిచారు. తెచ్చాను అని అరిచాను, అలవాటుగా. గొంతు భలే మామూలుగా వచ్చింది. ఐసీయూ తలుపు ముందు చెప్పులు విప్పాలి, ఒకటి వచ్చింది, రెండోది పట్టీ చిక్కుకుంది, లాగేశాను, తెగింది.

తలుపు పక్కనే డాక్టరు నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ అట్టే. పక్కన ఇన్‌ఛార్జి సిస్టర్. ఆయన వెనక అద్దంలోంచి మంచం కనపడుతోంది, మనిషి కనపడటం లేదు, వైర్లు, పైన ఆకుపచ్చ గీత. ఆవిడ ఇంత చిన్నదా.

"సార్, నిన్న సాయంత్రం ఆరింటిది నేను చూడలేదు."

ఆయనకి అర్థం కాలేదు. "ఏది?"

"ఆ గడి. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. అది నేను ఊహించి రాసిన అంకె సార్, ఆవిడది కాదు. నిన్న ఆవిడ చలిగా ఉందన్నారు. ఫ్యాన్ తగ్గించాను. జ్వరం చూడలేదు."

"ఏమంటున్నావే నువ్వు!" అంది సిస్టర్, అని గోడకి చెయ్యి ఆనించింది.

డాక్టరు తిట్టలేదు. ఆయన చూపుడు వేలు షీటు మీద ఒక గడి పైకి జరిగింది. "నిన్న రెండింటిది?"

"అదీ చూడలేదు సార్."

"నిన్న పొద్దున ఏడింటిది?"

చూశాను అనబోయాను. నోటిదాకా వచ్చింది. నిన్న పొద్దున, బుధవారం, ఎనిమిదింటికి మందుల పరీక్ష, వాటి పేర్లు నెమరేసుకుంటూ మంచాల మధ్య నడిచాను, పదో బెడ్ ఆవిడ చెయ్యి గుర్తుంది, గాజు పగిలిన గీత ఉంది, పన్నెండో బెడ్ ఆవిడ నాడి ఎనభై నాలుగు, గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. చూడలేదు సార్ అన్నాను. మంగళవారం, అన్నాడు ఆయన, వేలు పైకి జరిగింది. చూడలేదు. సోమవారం. నా గొంతు నాకే దూరం నుంచి వినిపిస్తోంది, లేదు సార్, లేదు సార్, లేదు సార్, ఒక్కొక్క గడికీ ఒకసారి. తొమ్మిది. నిన్నటి ఒక్కదాని గురించి చెప్పడానికి వచ్చాను, అవి తొమ్మిదని నాకే తెలీదు. సిస్టర్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అయితే ఈమె ఒంటి మీద నువ్వు చివరిసారి చెయ్యి వేసింది ఎప్పుడు?"

"ఆదివారం సార్. సాయంత్రం."

ఆయన లోపలికి తిరిగి, స్కాన్ ఆపండి, ఇన్ఫెక్షన్ నాలుగు రోజుల నుంచి ఉందనుకుని మొదలుపెట్టండి, రక్తం తియ్యండి, గాయం విప్పి చూడండి, అని వరసగా కేకలేశాడు, లోపల ఇద్దరు పరిగెత్తారు. తర్వాత నా వైపు తిరిగాడు, పెన్ను షీటు మీద ఆదివారం గడి దగ్గర ఆగి ఉంది. "అప్పుడు నాడి ఎంత? ఇక్కడ రాసింది కాదు. నిజంగా ఎంత?"

"తెలీదు సార్," అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపుకోలేకపోయాను. "ఆవేళ కూడా నేను చూడలేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టిక నింపుతుంటే, ఎంతసేపు రాస్తావే, వేళ్లు పడిపోతాయి, ఇటివ్వు అని లాక్కుంది. ఒక్కొక్క వేలూ నొక్కుతూ చాలాసేపు కూర్చుంది సార్. అప్పుడు ఆవిడ చెయ్యి మామూలుగానే ఉంది. వెచ్చగా, మామూలుగానే ఉంది. అది నిజం."

ఆయన ఆదివారం గడిలో నా అంకెలు కొట్టేసి, వాటి పైన మామూలు అని రాసి, లోపలికి వెళ్లిపోయాడు.